పడవపై మాట వినబడు మార్గము

(మత్స్యకార సహకార సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



వైర్‌లెస్ అనగానే మనకు దూరపు మాటలే తోచును. మరపడవ నుండి రేవునకును, ఒక పడవ నుండి మరియొక పడవకును మాట చేరవేయు వి.హెచ్.ఎఫ్. సెట్టు మీలో పెక్కుమందికి పరిచితమే. నేడు నేను చెప్పదలచినది అంతకంటె మిక్కిలి చిన్న దూరమును గురించి. చుక్కాని గదిలోని సరంగునకును, అమరమున వల లాగుచున్న కళాసీకిని నడుమ గల దూరము కొలది గజములే. అయినను ఆ కొలది గజములలోనే ఎన్నో మాటలు పోవుచున్నవి.

కారణము మీరెరిగినదే. ఇంజను మ్రోత ఒక ప్రక్క, గాలి ఒక ప్రక్క. సరంగు చూపు ముందునకు, వల వెనుకకు. కళాసీ "ఆగు" అని కేక వేయగా వించి వద్దనున్నవానికి "లాగు" అని వినబడవచ్చును. "వదులు" అనినది "కదులు" కావచ్చును. ఇనుప తాడు డ్రమ్ముపై బిగియుచుండగా దాని క్రింద చేయి చిక్కినయెడల ఆ ఒక్క అక్షరము విలువ ఎంతయో చెప్పనక్కరలేదు.

దీనికి తగిన సాధనము తలకు తగిలించుకొను వైర్‌లెస్ హెడ్‌సెట్టు. చెవిపై ఒక గిన్నె, నోటి ప్రక్కన చిన్న మైకు, లోపల బ్యాటరీ. తీగ లేదు గనుక వించికి చిక్కుకొను భయము లేదు. కొనునపుడు ఇరువురును ఒకేసారి మాటలాడుటకు వీలైన రకమునే అడుగుడు. మీట నొక్కి మాటలాడు రకము ఈ పనికి తగదు. రెండు చేతులును తాటిపై నున్నవానికి మీట నొక్కుటకు మూడవ చేయి ఎక్కడిది? డెక్కుపై పనిచేయువారు ఒక చెవి మాత్రమే మూయు రకము వాడుట మేలు. హెడ్‌సెట్టు లేని తోటివాని కేక రెండవ చెవికి వినబడవలెను గదా. మైకు పెదవి మూలకు రెండు వ్రేళ్ల దూరమున ఉండవలెను. దానిపై స్పాంజి తొడుగు లేనియెడల గాలి హోరే వినబడును.

ఇనుప గోడలును, మనిషి దేహమును ఈ తరంగములకు అడ్డు తగులును. కావున రేవు విడుచుటకు ముందే ఒకడు పడవ నాలుగు మూలలకును పోయి నిలిచి పది వరకు లెక్కింపవలెను. ఎచ్చట మాట తెగిపోవునో అచ్చట ఈ సాధనమును నమ్మరాదని అందరికిని తెలియవలెను.

ఇక మాటల సంగతి. "ఆగు"ను విడిచి "నిలుపు, నిలుపు" అని రెండు మారులు పలుకుట అలవరచుకొనుడు. అది "లాగు"తో కలియదు. ఆ మాట చిన్న కళాసీ నోట వచ్చినను వించి నిలువవలెను. తక్కిన ఆజ్ఞలను విన్నవాడు తిరిగి పలికిన పిదపనే పని సాగవలెను. మౌనము అర్ధాంగీకారమందురు. అది పెండ్లి మాటలకు చెల్లునేమో గాని వించి వద్ద చెల్లదు. బ్యాటరీ అయిపోయిన సెట్టు కూడ మౌనముగనే ఉండును. జవాబు రానిచో వించిని నిలిపి, చేతి సైగలతో పని చూచుకొనవలెను. కావున పాత సైగలను మరువకుడు.

ఈ పరికరమునకు పరమ శత్రువు ఉప్పు. ఉప్పు తడితో చార్జింగునకు పెట్టినచో కరెంటు ప్రవహించి లోహపు బొడిపెలు త్వరలోనే తినివేయబడును. వేట ముగియగానే మంచినీట తడిపిన గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఆ పిదపనే చార్జి చేయవలెను. కిరసనాయిలుతోగాని పెట్రోలుతోగాని తుడువరాదు. రబ్బరును ప్లాస్టిక్కును చెడును. పెట్టెపై ఐ.పి.67 అని ఉండవచ్చును. అది ఒక మీటరు లోతు మంచినీట 30 నిమిషములు నిలుచునని చేసిన పరీక్ష మాత్రమే. సముద్రపు ఉప్పునకు అది హామీ కాదు. మూత క్రింది రబ్బరు అంచున ఒక్క ఉప్పురవ్వ నిలిచినను నీరు లోనికి దిగును. ఉబ్బిన బ్యాటరీని చార్జి చేయరాదు, పరుపు దగ్గర ఉంచరాదు, అది అంటుకొనవచ్చును. మన తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధము గదా. ఆ 61 దినములును బ్యాటరీని సగము చార్జితో చల్లని తావున ఉంచుడు. ఎండలో నిలిచిన పడవ గదిలో వదలినచో మరుసటి వేటనాటికి దాని బలము తగ్గియుండును.

ఒక్క మాట మరువరాదు. హెడ్‌సెట్టు మాట పడవ దాటి ఎంతో దూరము పోదు. నీట పడినవాని సెట్టు నుండి మాట వచ్చునని నమ్మరాదు. అతనిని కాపాడునది ఒంటిమీది లైఫ్ జాకెట్టే. ఆపద కలిగినపుడు పిలువవలసినది వి.హెచ్.ఎఫ్. 16వ ఛానలులో. ఫోను అందు దూరములో ఉన్నచో తీర రక్షక దళము సంఖ్య 1554. ఈ రెండు అంకెలను చుక్కాని గది గోడపై పెయింటుతో వ్రాసి ఉంచుడు.