నలభై దాటాక సంరక్షణ: ఆన్‌లైన్ శిక్షణ నేర్పవలసినవి

మేధో వైకల్యం ఉన్నవారు వృద్ధులు కావడం ఈ మధ్య తరాల్లోనే పెద్ద ఎత్తున కనిపిస్తున్న పరిణామం. 1983 ప్రాంతంలో అమెరికాలో, మేధో వైకల్యానికి ఒక కారణమైన డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 ఏళ్లు. ఇప్పుడది సుమారు 60. గుండె లోపాలకు పసితనంలోనే ఆపరేషన్లు చేయడం, పిల్లల్ని ఆశ్రమాల్లో వదిలేయకుండా ఇళ్లలో పెంచడం ఇందుకు ముఖ్య కారణాలు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్య జాతీయ సంస్థ 1984 నుంచి ఈ రంగానికి నిపుణులను అందిస్తోంది. అయినా మన దేశంలో ఈ రంగంలో శిక్షణ అనగానే బాల్యం, బడి, చేతిపని మాత్రమే గుర్తొస్తాయి. యాభై ఏళ్ల మనిషిని చూసుకునే డెబ్బై అయిదేళ్ల తల్లికి ఆ పాఠాలు చాలవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో చురుకైన వృద్ధాప్యానికి మూడు ఆధారాలు చెప్పింది: ఆరోగ్యం, భాగస్వామ్యం, భద్రత. వీటిలో భాగస్వామ్యాన్ని ఇంట్లోవాళ్లే ప్రేమకొద్దీ చెరిపేస్తారు. ఇన్నాళ్లూ కూరగాయలు తరిగి, వీధి చివరి కొట్టుకు వెళ్లి పాలప్యాకెట్ తెచ్చిన మనిషిని ‘పెద్దవాడయ్యాడు, కూర్చోనీ’ అని కుర్చీకి అప్పగిస్తారు. పని పోయాక నడక తగ్గుతుంది, పలకరించేవాళ్లు తగ్గుతారు. శిక్షణలో మొదటి పాఠం ఇదే కావాలి: పని మాన్పించవద్దు, చిన్నది చేసి ఇవ్వండి.

రెండోది వయసు లెక్క. మన చట్టాల్లో వృద్ధాప్యం 60తో మొదలవుతుంది. ఐర్లండ్‌లో సాధారణ ప్రజల వృద్ధాప్యంపై జరిగే దీర్ఘకాల అధ్యయనం 50 ఏళ్లవారితో మొదలైతే, మేధో వైకల్యం ఉన్నవారిపై జరిగే జోడు అధ్యయనం 40 ఏళ్లవారినే తీసుకుంది. డౌన్ సిండ్రోమ్‌లో అదనంగా ఉండే 21వ క్రోమోజోమ్‌పైనే, అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌కు మూలమైన జన్యువు ఉంది. అందుకే నలభై వచ్చేసరికి దాదాపు అందరి మెదళ్లలోనూ అల్జీమర్స్ గుర్తులు ఉంటాయి. డిమెన్షియా లక్షణాలు ఎక్కువమందిలో యాభైల్లో బయటపడతాయి.

అవి మతిమరుపు రూపంలోనే రావు. రోజూ దిగే మెట్ల దగ్గర ఆగిపోవడం, గచ్చు రంగు మారిన చోట కాలు పెట్టడానికి జంకడం, చొక్కా గుండీలు తప్పు కన్నాల్లో పెట్టుకోవడం, ఎన్నడూ లేని మూర్ఛ రావడం ముందుగా కనిపించవచ్చు. ఇంట్లో దాన్ని ‘మొండికేశాడు’ అంటారు. ఆస్పత్రిలో ‘వీళ్లకిది మామూలే’ అంటారు. రెండో మాటే ఎక్కువ నష్టం చేస్తుంది. మార్పు కనిపించగానే డిమెన్షియా అని ముద్ర వేయడమూ తప్పే. చెవిలో గులిమి, కంట్లో శుక్లం, పంటి నొప్పి, మలబద్ధకం, డౌన్ సిండ్రోమ్‌లో సర్వసాధారణమైన థైరాయిడ్ లోపం: ముందు వీటిని చూడాలి. ఏళ్ల తరబడి మూర్ఛ మందులు వాడినవారికి ఎముకలు గుల్లబారి ఉండవచ్చు కాబట్టి, నడవనంటే ఎక్కడైనా విరిగిందేమో కూడా చూడాలి.

ఇక్కడే సెల్‌ఫోన్ అక్కరకొస్తుంది. మనిషి ఆరోగ్యంగా ఉన్న 35 ఏళ్ల ప్రాంతంలో అతను చొక్కా తొడుక్కోవడం, మెట్లు దిగడం, మాట్లాడడం వీడియో తీసి ఉంచితే, పదేళ్ల తరవాత డాక్టరుకు అంతకు మించిన సాక్ష్యం దొరకదు. పాఠం చూసిన ఫోనులోనే ఆ రికార్డూ ఉంటుంది. ఆన్‌లైన్ శిక్షణకున్న అసలైన బలం ఇది. ఇంటి నుంచే చదువుకోవచ్చన్న సౌకర్యం దాని తరవాతే.

బలహీనతలూ తక్కువ కావు. డిమెన్షియా రోగుల సంరక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 విభాగాలు, 23 పాఠాలతో ‘ఐసపోర్ట్’ అనే ఆన్‌లైన్ కార్యక్రమాన్ని తయారుచేసింది. దాన్ని బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు పరీక్షించినప్పుడు మధ్యలో మానేసినవారు చాలామంది. సంరక్షకుల భారం, దిగులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పైగా అది మేధో వైకల్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది కాదు. పడుకోబెట్టి తినిపించకూడదని, నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలని వీడియో చెప్పగలదు. గొంతుకు అడ్డం పడ్డప్పుడు ఏం చేయాలో, మనిషిని మంచం మీంచి ఎలా లేపాలో చేతులతోనే నేర్చుకోవాలి. కాబట్టి పది నిమిషాల తెలుగు పాఠాలు, వారానికోసారి అడిగితే బదులిచ్చే మనిషి, మండల కేంద్రంలో ఒక రోజు ప్రత్యక్ష అభ్యాసం కలిస్తేనే అది శిక్షణ.

భద్రత సంగతి పాఠ్యక్రమాల్లో తరచూ జారిపోతుంది. జాతీయ ట్రస్టు చట్టం, 1999 ప్రకారం జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకుని చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. ‘నిరామయ’ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. దరఖాస్తు నింపడాన్ని కూడా ఒక పాఠంగా పెట్టాలి.

తెలుగులో ఇలాంటి పాఠ్యక్రమాన్ని రాయించే పని చేపట్టాలి. తల్లి తరవాత ఆ బాధ్యత అన్నావదినల మీదో, అక్కాబావల మీదో పడుతుంది కనుక, తల్లి ఓపికగా ఉన్నప్పుడే ఆమెతో పాటు వాళ్లనూ శిక్షణలో చేర్చుకోవాలి.