వేడిచేసినదనుకొను వ్యాధి

నేడు నేను ముచ్చటింపబోవు విషయము నలుగురిలో పలుకుటకు మనము సంకోచించునది. ఆడవారు భర్తలతోనైనను దీనిని చెప్పుకొనరు. కోడలు అత్తకు చెప్పదు. చెప్పినను "వేడిచేసినది" అను ఒక్కమాటతో ముగింతురు. మూత్రము పోయునప్పుడు మంట, గడియగడియకు పోవలెననిపించుట, పొత్తికడుపున నొప్పి, వీనికన్నిటికిని మన కృష్ణాతీరమున ఇదియే పేరు. వెంటనే బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ, కొబ్బరిబొండము. ఇవి చెడ్డవి కావు. వానిలోని నీరు మేలే చేయును. కాని ఆ మంట పెక్కుమారులు వేడివలన పుట్టినది కాదు, ఇ. కోలై అను సూక్ష్మజీవివలన పుట్టినది. అది మన ప్రేగులలో నివసించునంతకాలము సాధారణముగా హాని లేదు. దారితప్పి మూత్రాశయమున చేరినచో బాధ మొదలగును. స్త్రీలకు మూత్రమార్గము పొట్టిది, మలద్వారమునకు చేరువ. కావున వారికే ఈ వ్యాధి హెచ్చు. ముట్లుడిగిన పిదప లోపలిపొర పలుచబడి మరింత సులభముగా వచ్చును. మగవారమని మనము ధీమాపడ పనిలేదు. ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము పూర్తిగా వెడలని వృద్ధులకును, మధుమేహము గలవారికిని, రాళ్లు గలవారికిని ఇది వచ్చుచునే యున్నది.

ఆరునెలలలో రెండుమారులు గాని, ఏడాదిలో మూడుమారులు గాని వచ్చినచో, దానిని మరలమరల వచ్చు వ్యాధిగా వైద్యులు లెక్కింతురు. అట్టివారిని గూర్చియే నా మాట.

కొన్నియేండ్ల క్రిందట గుడివాడ ప్రాంతమునుండి నాట్లకు పోవు ఒక నడివయస్సు స్త్రీ ఒక్క ఏడాదిలో ఐదుమారులు నాయొద్దకు వచ్చెను. ఐదుమారులును నేను బిళ్లలు వ్రాసి పంపితిని. ఐదవమారున, నాకెన్నడును తట్టని ప్రశ్నను మా నర్సమ్మ అడిగెను: "పొలంలో పగలు ఎక్కడికి వెళ్తావమ్మా?" ఆమె నవ్వి యిట్లనెను: "ఎక్కడికెళ్తానమ్మా? గట్టు మీద మగాళ్లుంటారు. పొద్దున తాగిన కాఫీయే. ఇంటికొచ్చేదాకా నీళ్లు ముట్టను."

తెల్లవారినది మొదలు ప్రొద్దు వాలువరకు కాలువనీటిలో నిలిచి పనిచేయు మనిషి గుక్కెడు నీరు త్రాగుట లేదు! నేను వ్రాసిన చీటీలన్నియు ఒకయెత్తు, ఆ ప్రశ్న ఒకయెత్తు. మూత్రమును బిగబట్టి యుంచినకొలదియు లోపలి క్రిములు పెరుగుటకు వ్యవధి చిక్కును. నీరు పుష్కలముగా త్రాగి తరచుగా విడిచినచో అవి కొట్టుకొనిపోవును. ఇది ఊహ కాదు. నీరు తక్కువగా త్రాగుచు ఈ వ్యాధి మరలమరల పొందుచున్న 140 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన యొకటి 2018లో వెలువడినది. అందు సగముమందికి రోజునకు లీటరున్నర నీరు అదనముగా నిచ్చిరి. ఏడాది ముగియునప్పటికి తక్కినవారికి సగటున 3.2 మారులు వ్యాధి రాగా, వీరికి 1.7 మారులే వచ్చెను. అయితే గుండెజబ్బుగాని మూత్రపిండముల జబ్బుగాని గలవారు ఎంత నీరు త్రాగవలెనో తమ వైద్యునడిగియే త్రాగవలెను.

ఇక బిళ్లల సంగతి. తరచి యడుగగా మరియొకటి బయటపడెను. నేనిచ్చినవి ఆమె రెండు దినములకు మించి వేసికొనలేదు. కడుపులో త్రిప్పెను, విరేచనములయ్యెను; "మందు వేడిచేసింది" అని మానివేసెను. మిగిలినవానిని డబ్బాలో దాచి, తరువాతి మారు మంట రాగానే రెండు మ్రింగెను. నన్నడుగుటకు ఆమెకు జంకు. ఆమెను అడుగుటకు నాకు తీరికలేదు. ఇట్లు సగము సగముగా వాడుటచేత రోగము తిరుగబెట్టును. పనిలేని చోట వాడుటచేతను, చాలీచాలకుండ వాడుటచేతను మందునకు లొంగని క్రిములు పెచ్చుపెరుగును. భారత వైద్య పరిశోధన మండలివారు పెద్ద ఆసుపత్రులనుండి సేకరించి పరీక్షించిన ఇ. కోలై క్రిములలో సగమునకు మించినవి సిప్రోఫ్లాక్సాసిన్ అను మందునకు లొంగుట లేదు. మన దుకాణములలో చీటీ లేకయే అడిగి కొనుచుండు మందులలో అదియు నొకటి. బిళ్లల అట్టపై నిలువుగా ఎఱ్ఱగీత యున్నచో, వైద్యుని చీటీ లేక వాడరాదని దాని యర్థము.

యాంటీబయాటిక్ మందులు మనకు పరాయివి కావు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకులై యుండగా, వారి పర్యవేక్షణలోనే ఆరియోమైసిన్ వెలువడినది. అది లోకమునకు తెలిసిన 1948వ సంవత్సరముననే ఆయన కన్నుమూసిరి. ఆ మందును మొదలుకొని టెట్రాసైక్లిన్ జాతి మందులు పెక్కింటితోను మన యిండ్లలో ఒక పొరపాటు జరుగుచుండును. మందు వేడి, పాలు చలువ యని గ్లాసెడు పాలతో మ్రింగుదురు. పాలలోని సున్నపుధాతువు మందును పట్టుకొని రక్తములో పూర్తిగా చేరనీయదు. సిప్రోఫ్లాక్సాసిన్‌కును ఇంతే. వానిని మంచినీటితో వేసికొని, పాలును పెరుగును కొన్ని గంటలు ఎడముగా పుచ్చుకొనవలెను.

నైట్రోఫ్యూరంటాయిన్ అను మందు వేరు. దానిని అన్నము తిన్నవెంటనే వేసికొన్నచో కడుపులో త్రిప్పుట తగ్గును. మూత్రము గోధుమరంగుకు మారినను బెదరనక్కరలేదు. మూత్రపిండములు బాగుగా పనిచేయనివారికి అది తగదు. నెలలతరబడి వాడువారికి దగ్గు, ఆయాసము, కాళ్లలో తిమ్మిరి వచ్చినచో వెంటనే వైద్యునికి చెప్పవలెను. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు అరువదియేండ్లు దాటినవారికి మడమవెనుకనుండు స్నాయువును దెబ్బతీయవచ్చును, ఒక్కొక్కప్పుడు అది తెగనువచ్చును; మధుమేహమునకు మందు వాడువారికి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును. అందుచే సామాన్యమైన మూత్రపుమంటకు వేరు మందు దొరకునంతవరకు దానిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణాధికారులు 2016లో హెచ్చరించిరి. ఏ మందుతోనైనను ఒంటినిండ దద్దురులు లేచి ముఖము వాచినను, ఊపిరాడకున్నను దానిని ఆపి ఆసుపత్రికి పరుగెత్తవలెను. నెత్తుటి విరేచనములు మందు ముగిసిన కొన్ని వారములకు వచ్చినను వైద్యునికి ఆ మందు పేరు చెప్పవలెను. తక్కిన చిన్నబాధలకు మానుట కాదు, చెప్పుట మేలు. వేరు మందు ఉండును.

మరలమరల వచ్చువారు బిళ్ల మ్రింగకముందే మూత్రమును కల్చరు పరీక్షకు ఇయ్యవలెను. ఏ క్రిమి, ఏ మందునకు లొంగునో రెండుమూడు దినములలో తెలియును. మొదటి ధారను విడిచి నడిమి ధారను శుభ్రమైన సీసాలో పట్టవలెను. ఎండలో బస్సెక్కి విజయవాడ చేరునప్పటికి రెండుగంటలు దాటినచో అందు క్రిములు పెరిగి పరీక్ష తప్పుదారి పట్టును. మంచుగడ్డలమధ్య నుంచి తీసికొనిపోవలెను, లేదా అక్కడికి చేరియే ఇయ్యవలెను. వేరొక హెచ్చరిక: ఏ బాధయు లేని వృద్ధుని మూత్రములో క్రిములు కనబడినంతమాత్రమున మందు అక్కరలేదు. గర్భిణీస్త్రీకి మాత్రము బాధ లేకున్నను మందు ఇయ్యవలెను. చలిజ్వరము, నడుముప్రక్కన నొప్పి, వాంతులు కలిగినచో వ్యాధి మూత్రపిండమున కెక్కినదని యెఱిగి నాడే ఆసుపత్రికి చేర్పవలెను.

ఆ గుడివాడ ప్రాంతపు స్త్రీకి పరీక్షలో తేలిన మందునే ఐదు దినములు పూర్తిగా ఇచ్చితిని. నీళ్ల సంగతి మాత్రము నా చేతిలోనిది కాదు. మరుసటి యేడు నాట్లలో ఆ చేనుగల పెద్దమనిషి, నేను చెప్పిపంపగా, గట్టు చివర నాలుగు వెదుళ్లు పాతి తాటాకుదడి కట్టించెను, ప్రక్కనొక కుండ, చెంబు పెట్టించెను. మొదటి రెండు దినములు సిగ్గుపడి ఎవరును అటు పోలేదట. మూడవనాడు ముఠాలోని ముసలమ్మ పోయివచ్చినది; తరువాత అందరును పోయిరట.