అప్పులపాలైనవాడు అధర్మపరుడా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



"ఫలానావాడు ఐ.పి. పెట్టినాడట" అను మాట మన పల్లెలలో క్రొత్తది కాదు. ఐ.పి. యనగా ఇన్సాల్వెన్సీ పిటీషను. అప్పులు తీర్చు శక్తి తనకు లేదని ఒక మనుష్యుడు కోర్టునకు విన్నవించుకొను అర్జీ. ఆ వార్త పొక్కిన సాయంకాలమే రచ్చబండపై తీర్పులు వెలువడును. "వానికి దైవభీతి లేదు" అని ఒకరు, "ఆ ప్రాంతమే కరవు ప్రాంతము, వాడు మాత్రమేమి చేయును" అని ఇంకొకరు. పంచాయతీలో కూర్చుండువారు ఈ రెండు తీర్పులను పరీక్షించి చూడవలెను. పరీక్షకు మన ఊరికంటె దూరదేశమే మేలు. అచ్చటి ఋణస్థులు మనకు బంధువులు కారు, పగవారును కారు. మన పిల్లలనేకులు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న మాట నిజమే గాని, నేను చెప్పబోవు అప్పులతో మనకు పొత్తు లేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున అలబామా, మిసిసిపీ, టెన్నెసీ, జార్జియా అను రాష్ట్రములు కలవు. ఒకప్పుడు బానిసలచే ప్రత్తి పండించిన నేల అది. బానిసత్వము 1865లో రద్దయినను ఆనాటి పేదరికపు జాడలు పూర్తిగా పోలేదు. మిసిసిపీ నేటికిని ఆ దేశపు మిక్కిలి పేద రాష్ట్రములలో ఒకటి. ఆ ప్రాంతమునకే 'బైబిలు బెల్టు' అని మారుపేరు. బాప్టిస్టు చర్చి లేని ఊరు అరుదు. సొంత అప్పులకై దివాలా కోర్టు మెట్లెక్కువారిని జనాభా ననుసరించి లెక్కించినచో, ఎన్నో ఏండ్లుగా ఈ రాష్ట్రములే ముందు వరుసలో నున్నవి.

భక్తియు, బీదతనమును, దివాలాయు ఒక్కచోట కనబడుటచే తొందరపాటు మాటలు పుట్టుట సహజము. చర్చికి ఆదాయములో దశమ భాగ మర్పించి చితికిపోవుచున్నారని కొందరందురు. క్షమాగుణమును బోధించి బోధించి, అప్పు ఎగవేయుట పాపమను భయమును పాస్టర్లే పోగొట్టిరని మరికొందరందురు.

జార్జియాకు సరిహద్దుగా సవానా నది పారుచున్నది. ఆవలి ఒడ్డు దక్షిణ కరొలైనా. ఈ గట్టునను ఆ గట్టునను పూర్వపు పంటలు అవే, చర్చిలు అవే, పేదరికమును అదే. అయినను దివాలాలలో జార్జియా ముందున్నది. దక్షిణ కరొలైనా చాల వెనుకనున్నది. దేవుడు నదికి ఒక ప్రక్కనే ఉన్నాడని ఎవరును అనజాలరు గదా! భేదము చట్టములో కలదు. జార్జియాలో డిక్రీ పొందిన ఋణదాత, పనివాని జీతమును యజమాని చేతిలో నుండగనే జప్తు చేయించవచ్చును. 1968 నాటి జాతీయ చట్టము ననుసరించి, తప్పనిసరి పన్నులు పోగా మిగిలిన జీతములో నాలుగవ వంతు వరకు ఇట్లు పోవచ్చును. దక్షిణ కరొలైనాలోనో సాధారణమైన వాడుక అప్పులకు జీతమును ముట్టుకొనుటకు చట్టము ఒప్పదు. దివాలా అర్జీ పడినతోడనే జప్తులు ఆగిపోవును. కనుక జీతము చేతికి రాక అద్దె కట్టలేనివాడు కోర్టునకు పరుగెత్తును. ఇది యొక్కటే కారణమనుట సాహసము. పెద్ద కారణములలో ఇది యొకటి యనుటకు సందేహము లేదు.

అప్పును ఎగవేయవలెనను కోరిక అచ్చటి భక్తులలో అధికమనుట కూడ సత్యము కాదు. 1930 తరువాతి ఆర్థిక మాంద్య కాలమున అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరపు దివాలా న్యాయస్థానములో వాలెంటైన్ నెస్‌బిట్ అను అధికారి ఒక పద్ధతిని నడపెను. కార్మికుడు కోర్టు రక్షణలో నుండి, తన జీతమునుండి వాయిదాల చొప్పున అప్పు తీర్చుకొనును. ఆ పద్ధతియే 1938లో దేశపు చట్టములో పదమూడవ అధ్యాయమై నిలిచినది. నేడు గడువు మూడేండ్లు మొదలు ఐదేండ్లు. అప్పు పూర్తిగా మాఫీ చేయించుకొను మార్గము వేరుగా ఉన్నను, ఈ దక్షిణ రాష్ట్రములలో వాయిదాల మార్గము పట్టువారే విస్తారము.

ఇందులో ఒక విషాదము కలదు. ఆ వాయిదా ఏర్పాట్లలో సగముకంటె ఎక్కువ నడుమనే తెగిపోవును. తెగినపుడు పాత అప్పు తలయెత్తును. జప్తు మరల మొదలగును. మరి ఆ దారి ఎందుకు పట్టుదురు? ఇల్లో కారో నిలుపుకొనుటకు కొందరు పట్టుదురు. చేత రొక్కము లేక మరికొందరు పట్టుదురు. పూర్తి మాఫీకి వకీలు ఫీజు ముందుగా చెల్లించవలెను. వాయిదాల అర్జీలోనైతే ఫీజును కూడ వాయిదాలలోనే చెల్లించవచ్చును. ఫీజునకు సొమ్ము లేనివాడు దూరపు దారి నడచుచున్నాడన్నమాట. నల్లజాతి ఋణస్థులు తక్కినవారికంటె సుమారు రెండింతలుగా ఈ దారిలో పడుచున్నారని 2012లో అచ్చటి న్యాయశాస్త్ర పండితులు వెల్లడించిరి.

ఉటా రాష్ట్రము కథ మరియొక రకము. అచ్చట మోర్మను మతస్థులు అధిక సంఖ్యాకులు. అప్పు చేయవద్దని వారి మతపెద్దలు పదేపదే బోధింతురు. నెలకొకసారి ఉపవాసముండి, ఆ భోజనపు ఖర్చును పేదలకిచ్చుట వారి ఆచారము. బీద రాష్ట్రమును కాదు. అయినను 2002 మొదలు 2004 వరకు కుటుంబముల లెక్కన దివాలాలలో ఉటాయే దేశమున ప్రథమ స్థానమున నిలిచినది. చిన్న వయసు పెండ్లిండ్లు, పెద్ద సంసారములు, ఇండ్ల అప్పులు కారణములుగా చెప్పబడినవి.

చర్చి కానుకల చిక్కు కూడ కోర్టు కెక్కినది. మిన్నెసోటా రాష్ట్రమున దివాలాకు ముందటి సంవత్సరము ఒక దంపతులు చర్చికిచ్చిన 13,450 డాలర్లను ఋణదాతల పక్షమున తిరిగి ఇమ్మని దావా పడెను. ఆ వివాదము ముదిరి, 1998లో దేశపు శాసనసభ వార్షికాదాయములో నూటికి 15 వంతుల వరకు ఇచ్చిన కానుకకు రక్షణ కల్పించినది. నా మట్టుకు, బిడ్డలకు బాకీపడినవాడు గుడికి ఉదారముగా నిచ్చుట ఒప్పుదల కాదు. కాని ఆ శాసనసభ వేరుగా తలచినది.

ఇక మన సంగతి. మన పెద్దలు అప్పు తీసికొన్నవానికి ధర్మము చెప్పుదురు. ఇచ్చినవానికి శాస్త్రము చెప్పిన ధర్మమును మరతురు. వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రము. జకాతు పొందదగినవారిలో ఋణభారము మోయలేనివారిని ఖురాను చేర్చినది. ఏడేండ్లకొకసారి అప్పులు విడువవలెనని బైబిలులోని ద్వితీయోపదేశ కాండము.

చట్టమును కూడ తెలిసికొనుడు. అమెరికా కార్మికునికి అనేక చోట్ల లేని రక్షణ మన కూలివానికి కలదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము కూలీల వేతనము, అది ధనరూపమున నున్నను ధాన్యరూపమున నున్నను, జప్తునకు లోబడదు. సేద్యగానికి అవసరమైన పనిముట్లు, పశువులు, విత్తనములు, వాడు కాపురముండు ఇల్లు కూడ అట్టివే. తనఖా పెట్టిన ఆస్తి సంగతి వేరు. కావున వడ్డీ వ్యాపారి ఎద్దులను తోలుకొని పోవ వచ్చినపుడు సభ్యులు అడుగవలసిన మొదటి ప్రశ్న: "కోర్టు ఉత్తరువు ఏది?" తండ్రి అప్పు కొడుకు తీర్చుట పుణ్యకార్యమను కారణముతో మాత్రమే హిందూ కుమారునిపై దావా నడపుట 2005 సెప్టెంబరు 9 తరువాతి అప్పులకు చెల్లదు. మరణించినవాని ఆస్తి మీద హక్కు మాత్రము ఋణదాతకు ఉండును.

కంపెనీల అప్పులకు హామీ పడినవారికి 2016 నాటి దివాలా కోడు 2019 డిసెంబరు 1 నుండి వర్తించుచున్నది. సామాన్య గృహస్థునకు అందులోని భాగము ఇంకను అమలునకు రాలేదు. వానికి 1920 నాటి ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అర్జీ వ్రాయించుటకు వకీలు ఫీజు లేనివారిని మండల న్యాయసేవా సంఘమునకు పంపుడు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ అచ్చట ఉచితముగా వకీలును నియమింతురు.