ఇరువది ఇండ్లు, మూడు ముఠాలు

ఒక ఇల్లు కట్టుట వేరు. ఒకే తీరున ఇరువది ఇండ్లు వరుసగా కట్టుట వేరు. ఇందులో పునాదివారు, గోడలవారు, కప్పువారు ఒకరి వెనుక నొకరు ఇంటినుండి యింటికి సాగవలెను. చిక్కంతయు ఈ నడకను కుదుర్చుటలోనే యున్నది.

లెక్క సులువుకొరకు ఇంటికి పునాది 3 రోజులు, గోడలు 5, కప్పు 2 రోజులు పట్టునని యనుకొందము. మొదటి యింటి గోడలు 8వ రోజున పూర్తియగును. యజమాని ఆతురతతో మరునాడే కప్పుముఠాను దింపును. వారు 2 రోజులలో పని ముగించి, రెండవ యింటి గోడలు లేచువరకు 3 రోజులు కూర్చుందురు. ఇట్లు 19 మారులు. మొత్తము 57 రోజులు. చేయు పనియో 40 రోజులే! ఆ దినముల కూలి యిచ్చినచో యజమానికి నష్టము. ఇయ్యనిచో కూలివాని పొయ్యి వెలుగదు.

అదే ముఠాను 65 రోజులు గడచిన పిదప దింపినచో, ఎక్కడను ఆగక, మునుపటివలెనే 105వ రోజునకు ముగింతురు. అయితే మొదటి యిల్లు 57 రోజులు కప్పులేక ఆకాశమును చూచుచుండును. ఆ నడుమ వాన వచ్చినచో?

మేము మొదట ఈ యుపాయమునే మెచ్చుకొంటిమి. గీత గీచి చూచిన పిదప అసలు లోపము గోడలయొద్ద కనబడినది. అడ్డముగా రోజులు, నిలువుగా ఇండ్ల సంఖ్య వేసి, ముఠాకొక ఏటవాలు గీత గీయవలెను. రైల్వేవారు బండ్ల నడకకు గీచుకొను పటము ఇట్టిదే. తక్కువ వాలుగల గీత నెమ్మదియైన పనిని చూపును. రెండవ తాపీముఠాను చేర్చి, ఒకరికి బేసి ఇండ్లు, ఒకరికి సరి ఇండ్లు పంచితిమి. వారు 12, 15 రోజుల పిదపను, కప్పువారు 27 రోజుల పిదపను దిగినచో, ఎవరును ఒక్కపూటయు ఆగరు. 67వ రోజునకు పని ముగియును. ఒక ముఠా 100 రోజులు చేయు పనిని రెండు ముఠాలు చెరి 50 రోజులు చేయును గనుక గోడల కూలి పెరుగదు. మొదటి యిల్లు కప్పుకై 10 రోజులే వేచియుండును.

న్యూయార్కునందలి 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనము 1930 మార్చి 17న మొదలై, 1931 మే 1న ప్రారంభమైనది. అచ్చట ఇండ్లకు బదులు అంతస్తులు. ఉక్కుచట్రము వారమునకు సుమారు నాలుగున్నర అంతస్తుల చొప్పున లేచినది. వెనుకవారందరును ఆ నడకను అందుకొనవలసి వచ్చినది.

1957లో డ్యూపాంట్ కంపెనీలో రూపొందిన క్రిటికల్ పాత్ పద్ధతి ఏ పని ముందో, ఏది వెనుకో చెప్పును. కూలివాడు ఊరక కూర్చుండునా యని అది తనంత తానుగా అడుగదు.

మా లెక్కలోను ఒక బిగువు కలదు. పునాదివారు ఒక్కరోజు జారినను, చివరి యిండ్లయొద్ద గోడలవారు ఆగుదురు. అందుచేత పునాదులకును గోడలకును నడుమ మరి 3 రోజుల యెడము విడిచి, ఇంటివారికి 70 రోజులని చెప్పుదుము.