బడి హద్దులు: షార్లెట్ నగరం గీసి చెరిపిన పటాలు



ఒక మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి సాహిత్య విషయం ఎంచుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక పటం గురించి మాట్లాడతానన్నాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇల్లు కొనేటప్పుడు వంటగది కన్నా ముందు చూసుకున్న పటమే అది. ఈ ఇల్లు ఏ ఎలిమెంటరీ స్కూలు కిందికి వస్తుంది, ఏ హైస్కూలు కిందికి వస్తుంది అని రెండుసార్లు అడిగి గానీ సంతకం పెట్టం. ఆ గీత జరగబోతోందని వార్త వస్తే చాలు, సంక్రాంతి ముగ్గుల ఫొటోలతో నిండే వాట్సాప్ గ్రూపులు ఆ రాత్రి కోర్టు వరండాలైపోతాయి.

గీత జరపడానికి స్కూల్ బోర్డు చెప్పే కారణం మామూలుగా ఒకటే. ఒక బడి కిక్కిరిసింది, దాని పక్క బడిలో గదులు ఖాళీగా ఉన్నాయి, సంఖ్యను సర్దాలి. అధికారులు స్కూలు జిల్లాను చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కలో పిల్లలెంతమంది, రాబోయే ఏళ్లలో కొత్త ఇళ్లెన్ని లేస్తాయి అని లెక్క వేసి, కొన్ని ముక్కల్ని ఈ బడి కిందనుంచి తీసి ఆ బడి కింద పెడతారు. పైకి కూడికలూ తీసివేతలే. కానీ ఏ ఒక్క ముక్కను కదిపినా మూడు లెక్కలు ఒకేసారి మారతాయి. సీట్లెన్ని, దూరమెంత, ఎవరి పిల్లల పక్కన ఎవరి పిల్లలు కూర్చుంటారు. మొదటి రెండూ కాగితం మీద ఉంటాయి. మూడోదాన్ని కాగితం మీద పెట్టని రోజుల్లోనూ ఎవరో ఒకరు మనసులో వేసుకుంటూనే వచ్చారు. నార్త్ కరోలినాలోని మన షార్లెట్ చరిత్రంతా ఈ మూడో లెక్కను ఒకసారి బయటపెట్టడం, మళ్లీ దాచడం.

కథ ఈ ఊళ్లో మొదలవలేదు. 1840ల చివర్లో బోస్టన్‌లో సారా రాబర్ట్స్ అనే ఐదేళ్ల నల్లజాతి పాప, తనకు కేటాయించిన బడికి వెళ్లే దారిలో తెల్లపిల్లల బడులు ఐదు దాటి నడిచేది. తండ్రి కోర్టుకెక్కాడు. పాప తరఫున చార్లెస్ సమ్నర్, నల్లజాతి న్యాయవాది రాబర్ట్ మోరిస్ వాదించారు. 1850లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం కేసు కొట్టేసింది. 1855లో ఆ రాష్ట్ర శాసనసభ బడుల్లో వర్ణభేదాన్ని నిషేధించింది. మరో నూరేళ్లు గడిచాక కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో, ఇంటికి ఏడు వీధుల అవతల ఉన్న బడి లిండా బ్రౌన్ అనే పిల్లను చేర్చుకోనంది. ఆ బడి పేరు సమ్నర్ ఎలిమెంటరీ. సారా కోసం వాదించిన ఆ సమ్నర్ పేరే దానికి పెట్టారు. చరిత్రకు ఎకసెక్కెం ఎక్కువ.

ఆ పిల్ల కేసులోనే 1954 మే 17న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో, జాతి ప్రకారం బడుల్ని వేరుచేసే చట్టాలు చెల్లవంది. చట్టం పోయింది, పటం మిగిలింది. ఉత్తరాదిలో అలాంటి చట్టం లేకుండానే పని జరిగిపోతూ ఉండేది. న్యూయార్క్ పక్కనున్న న్యూ రోషెల్ పట్టణంలో లింకన్ స్కూలు హద్దుల్ని 1930లోనే నల్లవారి ఇళ్ల చుట్టూ మెలికలు తిప్పి గీశారని 1961లో జడ్జి ఇర్వింగ్ కాఫ్మన్ తేల్చాడు. డెన్వర్‌లోనూ హద్దుల్ని కావాలనే అలా గీశారని 1973లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో తేలింది. దక్షిణాదిలో నార్త్ కరోలినా 1955లో ఒక చట్టం తెచ్చింది. ఏ పిల్ల ఏ బడికి పోవాలో స్థానిక బోర్డులే ఒక్కొక్కరి విషయంలో విడిగా నిర్ణయించవచ్చని దాని సారం. జాతి అన్న మాట ఎక్కడా లేకుండా జాతి లెక్క నడిపించడానికి ఇంతకన్నా నాజూకైన పద్ధతి ఉండదు. 1957లో డొరొతీ కౌంట్స్ అనే పదిహేనేళ్ల అమ్మాయి ఈ నగరంలోని హార్డింగ్ హైస్కూలుకు వెళ్లింది. ఉమ్ములు, రాళ్లు, బెదిరింపుల మధ్య నాలుగు రోజులు తట్టుకుంది. ఆ తర్వాత తల్లిదండ్రులు మానిపించేశారు.

ఇక్కడి నుంచి కథకు మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. డేరియస్ స్వాన్, వెరా స్వాన్ దంపతులు నల్లజాతి ప్రెస్బిటేరియన్ మిషనరీలు. భారతదేశంలో పనిచేసి 1964లో షార్లెట్‌కు వచ్చారు. డేరియస్ ఇక్కడి జాన్సన్ సి. స్మిత్ విశ్వవిద్యాలయంలో చేరాడు. వాళ్ల ఆరేళ్ల కొడుకు జేమ్స్‌కి జాతిని బట్టి బడి ఉంటుందన్న సంగతి అప్పటిదాకా తెలియదు. అన్ని రకాల పిల్లల మధ్య చదువుకున్నవాడు. తల్లిదండ్రులు వాణ్ణి సెవర్స్‌విల్ బడికి పంపాలనుకున్నారు. బోర్డు మాత్రం నల్లపిల్లలే ఉన్న బిడిల్‌విల్ బడికి కేటాయించింది. మార్చమని అడిగితే కుదరదంది. 1965 జనవరిలో న్యాయవాది జూలియస్ చేంబర్స్ దావా వేశాడు. కులం లేని దేశమేమీ కాదు మనది. ఊరికీ వాడకీ మధ్య గీత ఎక్కడుందో మన పల్లెల్లో పసిపిల్లకీ తెలుసు. అయినా ఈ గడ్డ మీద ఒక నల్లజాతి కుర్రాడికి భారతదేశంలోని తరగతి గది ఒక మేలైన కొలతగా నిలిచింది. అందుకు గర్వపడాలో తలదించుకోవాలో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఆ నవంబరులో చేంబర్స్ ఇంటి మీద బాంబు వేశారు. 1971 ఫిబ్రవరిలో ఆయన ఆఫీసును తగలబెట్టారు. ఆయన కేసు వదల్లేదు.

అప్పటి అంకెలు ఈ కేసులో 1971లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి. జిల్లా విస్తీర్ణం 550 చదరపు మైళ్లు. 1968–69లో 107 బడులు, 84,000 మందికి పైగా పిల్లలు, అందులో తెల్లవారు సుమారు 71 శాతం. నగరంలో చదివే 21,000 మంది నల్లపిల్లల్లో 14,000 మంది, పూర్తిగానో 99 శాతానికి పైగానో నల్లవారే ఉన్న 21 బడుల్లో ఉన్నారు. సొంతంగా పటం సరిచేయమని జిల్లా జడ్జి జేమ్స్ మెక్‌మిలన్ బోర్డును పదేపదే అడిగాడు. ఎదురు చూసి విసిగి, రోడ్ ఐలాండ్ నుంచి జాన్ ఫింగర్ అనే విద్యావేత్తను పిలిపించాడు. ఫింగర్ పటం చూడదగ్గది. హైస్కూళ్లకు, నగరం నడిబొడ్డు నుంచి శివారు దాకా ముక్కోణపు చీలికల్లా బోర్డు గీసిన హద్దుల్నే దాదాపుగా తీసుకున్నాడు. జూనియర్ హైస్కూళ్లకు ప్రధాన హద్దుతో అతుక్కోని తొమ్మిది విడి ప్రాంతాలు జతచేశాడు. ఎలిమెంటరీలకు ఇంకో ఉపాయం. శివారులోని రెండు మూడు తెల్లపిల్లల బడుల్ని నగరంలోని ఒక నల్లపిల్లల బడితో జతకట్టి, ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా నల్లపిల్లలు శివారుకు, ఐదారు తరగతుల తెల్లపిల్లలు నగరంలోకి వెళ్లేలా చేశాడు. లెక్క పెట్టుకోండి. నల్లపిల్లలు నాలుగేళ్లు బస్సెక్కాలి, తెల్లపిల్లలు రెండేళ్లు. సమానత్వం కోసం గీసిన పటంలోనూ బరువు ఒకవైపే వాలింది.

ఈ పటానికి వ్యతిరేకంగా తల్లిదండ్రులు ఊరేగింపులు తీశారు, బడులు బహిష్కరించారు. వాళ్ల నినాదం పక్కింటి బడి, పిల్లల దూరం. ఆ దూరం సంగతి కూడా తీర్పులో ఉంది. కొత్త పథకం కింద ఎలిమెంటరీ పిల్లల ప్రయాణం సగటున ఏడు మైళ్లు, మహా అయితే 35 నిమిషాలు. అంతకు ముందు అదే జిల్లాలో రోజూ 23,600 మంది పిల్లలు సగటున 15 మైళ్లు, గంటకు పైగా ప్రయాణించేవారు. అప్పుడు బస్సు మీద ఎవరికీ కోపం రాలేదు. నాకు ఈ ఒక్క పోలిక మొత్తం వివాదాన్ని విప్పి చూపిస్తుంది. పైగా పక్కింటి బడి అన్నప్పుడు ఆ పక్కిల్లు ఎలా వచ్చిందో అడగాలి. 1930లలో గృహరుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ తన మాన్యువల్‌లో, పిల్లలు వేరే జాతివారు ఎక్కువగా ఉన్న బడికి వెళ్లాల్సి వస్తే ఆ పేట విలువ నిలవదని రాసుకుంది. గీత ముందు ఇళ్లకు పడింది, తర్వాతే బడికి.

1971 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా మెక్‌మిలన్‌ను సమర్థించింది. పాత తప్పు దిద్దడానికి హద్దులు మార్చవచ్చు, బస్సులు వాడవచ్చు. దేశమంతటా జిల్లాలు షార్లెట్ వైపు చూశాయి. కానీ ఊళ్లో శాంతి రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. అది తెచ్చింది కోర్టు కాదు. మొదటి ఏళ్లలో బోర్డు పథకాలు ఆగ్నేయంలోని సంపన్నుల పేటల్ని చాలావరకు తప్పించాయి. బస్సు బరువు నల్లవారి మీద, సామాన్య తెల్లవారి మీద పడింది. మ్యాగీ రే నాయకత్వంలో పౌరుల బృందమొకటి పూనుకుని అందరికీ సమానంగా బాధ పంచే పటం గీసింది. 1974లో మయర్స్ పార్క్, ఈస్టోవర్ లాంటి ధనికుల పేటల పిల్లలు కూడా, పేరున్న నల్లజాతి హైస్కూలు వెస్ట్ షార్లెట్‌కు వెళ్లారు. పెద్దింటి పిల్లలు వచ్చాక ఆ బడికి కావలసినవన్నీ చకచకా వచ్చాయి. అదే ఏడు బస్సుల గొడవలతో అట్టుడికిన బోస్టన్ నుంచి విద్యార్థులు వెస్ట్ షార్లెట్‌కు వచ్చి, ఇక్కడ ఎలా కుదిరిందో చూసి వెళ్లారు. ఉన్నవాళ్లు తమ వంతు మోసిన తర్వాతే ఈ ఊళ్లో పటం నిలిచింది.

అయితే నష్టం లేని కథ కాదిది. నగరపు తొలి నల్లజాతి హైస్కూలు సెకండ్ వార్డ్‌ను 1969లో మూసేశారు. దాని చుట్టూ ఉన్న బ్రూక్లిన్ పేటను పట్టణ పునరుద్ధరణ పేరిట నేలమట్టం చేశారు. మరి ఆ బడిలో ఉన్న చదువు, అభిమానం, బ్యాండు, మాస్టర్లు ఏ పటంలోకీ ఎక్కలేదు.

మన వైపు సంగతి ఒక్క మాట. 1966లో కొఠారీ కమిషన్ పొరుగుబడిని, ఒకే ఉమ్మడి బడి వ్యవస్థను కోరింది. 2009 విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక బడి కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలో ఉండాలని నియమాలు వచ్చాయి. అక్కడ హద్దు ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత, పిల్లల మీద పెట్టిన కంచె కాదు. కాకపోతే ఉన్నవాళ్లంతా ప్రైవేటు బస్సెక్కి వెళ్లిపోయాక ఆ గీత లోపల మిగిలింది ఎవరో మీకు చెప్పనక్కరలేదు.

తిరిగి షార్లెట్‌కి. 1984లో ప్రచారానికి వచ్చిన అధ్యక్షుడు రీగన్ బస్సుల పథకాన్ని విమర్శిస్తే సభ చప్పట్లు కొట్టలేదు. మీది తప్పు అంటూ షార్లెట్ అబ్జర్వర్ సంపాదకీయం రాసింది. కానీ ఊరు పెరిగింది. బ్యాంకులు వచ్చాయి, వాటి వెనకే మనమూ వచ్చాం. కొత్తగా వచ్చినవాళ్లకు పాత ఒప్పందం తెలియదు, తెలుసుకోమని ఎవరూ అడగలేదు. 1990లలో, ప్రత్యేక పాఠాలతో నడిచే మ్యాగ్నెట్ బడిలో తన కూతురికి జాతి లెక్క వల్లే సీటు రాలేదంటూ ఒక తండ్రి కోర్టుకు వెళ్లాడు. 1999లో జడ్జి రాబర్ట్ పాటర్, ఈ జిల్లా పాత వివక్ష నుంచి బయటపడిందని, జాతిని బట్టి కేటాయింపు ఇక వద్దని తీర్పిచ్చాడు. జడ్జి కాకముందు ఆయన బస్సులకు వ్యతిరేకంగా నిలిచినవాడు. 2002లో కొత్త పటం అమల్లోకి వచ్చింది. వెస్ట్ షార్లెట్ చూస్తూండగానే మళ్లీ పేద నల్లపిల్లల బడి అయింది.

ఆ పటం ఒక పరిశోధనకు దారి తీసింది. స్టీఫెన్ బిల్లింగ్స్, డేవిడ్ డెమింగ్, జోనా రాకాఫ్ అనే ఆర్థికవేత్తలు ఒకే పేటలో, 2002 గీతకు అటూ ఇటూ పడిన పిల్లల్ని పోల్చారు. 2014లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మైనారిటీ పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు కేటాయింపు పొందిన మైనారిటీ మగపిల్లల్లో నేరాలు పెరిగాయి. జిల్లా ఆ బడులకు అదనపు డబ్బు ఇచ్చింది. చదువుల్లో అంతరాన్ని అది కొంత అదుపు చేసింది గానీ నేరాల విషయంలో పనిచేయలేదు. దాదాపు అప్పుడే రాజ్ చెట్టి బృందం 50 పెద్ద నగర ప్రాంతాల్లో పేదపిల్లలు పైకెదిగే అవకాశాన్ని లెక్కగడితే షార్లెట్‌ది 50వ స్థానం.

ఊరు ఉలిక్కిపడింది. బోర్డు మళ్లీ పటం ముందు పెట్టుకుంది, ఈసారి జాతి బదులు కుటుంబాల ఆర్థిక స్థితి లెక్కతో. ఆ తర్వాత దక్షిణాన మన పేటల వంతు. మూడు వేల మందికి పైగా పిల్లలతో ఆర్డ్రీ కెల్ హైస్కూలు కిక్కిరిసింది. 2023లో బోర్డు హద్దులు మార్చింది, 2024 ఆగస్టులో బాలెన్‌టైన్ రిడ్జ్ హైస్కూలు తెరిచారు. ఇలాంటి గీత జరిగే ప్రతిచోటా మైకు ముందు వినిపించేవి ట్రాఫిక్, స్నేహితులు, ఇంటి ధర. అవన్నీ నిజమైన బాధలే. మూడో లెక్క గురించి అడిగేవాళ్లు మాత్రం అరుదు.

అడిగినచోట ఏమైందో కూడా మన ఊళ్లోనే ఉంది. నల్లజాతివారి పాత పేట గ్రియర్ హైట్స్‌లోని బిల్లింగ్స్‌విల్ బడిని, దగ్గర్లోని ఉన్నవాళ్ల బడి కాట్స్‌వల్డ్‌తో 2017లో బోర్డు జతకట్టింది. రెండో తరగతి దాకా అందరూ బిల్లింగ్స్‌విల్‌లో, మూడు నుంచి ఐదు దాకా అందరూ కాట్స్‌వల్డ్‌లో. ఫింగర్ ఉపాయమే. కానీ ఈసారి ఏ జడ్జీ ఆదేశించలేదు. రెండు వైపుల పిల్లలూ బస్సెక్కుతారు. ఆ జంటబడులకు పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఈ సభలో ఎవరైనా ఉంటే, ప్రశ్నల సమయంలో నాకన్నా ముందు మైకు వాళ్లకివ్వమని నిర్వాహకులను కోరుతున్నాను.