కొలంబియా నదిపై పాత వారధి

అమెరికా పడమటి తీరమున మెక్సికో సరిహద్దు నుండి కెనడా సరిహద్దు వరకు సాగు అయిదవ నంబరు రహదారి, పోర్ట్‌లాండు, వాంకూవరు నగరముల నడుమ కొలంబియా నదిని దాటుచున్నది. ఈ వాంకూవరు కెనడాలోనిది కాదు, వాషింగ్టన్ రాష్ట్రములోనిది. అచ్చటి వారధిలో మొదటి భాగము 1917లోను, దానికి జంట భాగము 1958లోను తెరువబడినవి. ఒకనాడు గుఱ్ఱపుబండ్లు నడచిన ఆ దారిని నేడు దినమునకు లక్షకు మించిన వాహనములు పోవుచున్నవి. పెద్ద యోడ వచ్చెనా, వంతెనలో కొంత భాగమును పైకెత్తవలెను. అంతవరకు రాకపోకలు నిలిచిపోవును.

ఆలస్యమును సహింపవచ్చును. మనము కలవరపడవలసినది పునాదిని గూర్చి. 1917 నాటి స్తంభములు నదీగర్భమున దిగగొట్టిన కొయ్యదుంగలపై నిలిచియున్నవి. ఆ తీరమున 1700లో మహాభూకంపము సంభవించినది. అట్టిది మరల వచ్చినచో, నీటితో నానిన ఇసుక పట్టు వదలి ద్రవమువలె కదలును. మరమ్మతుతో సరిపుచ్చరాదా యని కొందఱందురు. పైనున్న ఉక్కును మార్చవచ్చును. క్రిందనున్న దుంగల మాట యేమి?

క్రొత్త వారధికై సాగిన యత్నము, వాషింగ్టన్ శాసనసభ ధనము మంజూరు చేయకపోవుటచే 2013లో కుంటుపడినది. వ్యయమెవ్వరిది, సుంకము విధింపవలెనా, రైలుదారిని చేర్చవలెనా యన్నవి నాటి తగవులు. 2019లో ఉభయ రాష్ట్రములును పనిని మరల చేపట్టినవి. ఈ తగవులలో తీరికగా తేల్చుకొనదగినవి లేకపోలేదు. కాని భూకంపము వాటికై వేచియుండునని మనము నమ్మజాలము.