ఏ శాస్త్రము? ఏ నగరము?



బి.ఎస్‌సి. పరీక్షలు ముగిసిన వేసవిలో ఉద్యోగుల కుటుంబములందు ఒక చర్చ తప్పక జరుగును. కుమారుడో కుమార్తెయో పైచదువునకు పోవలయును. బెంగుళూరా, హైదరాబాదా, ఢిల్లీయా, లేక సముద్రము దాటి బోస్టనా? తండ్రి ఇంటి అద్దెల ప్రసక్తి తెచ్చును. తల్లి భోజనవసతి నడుగును. పినతండ్రిగారు ఏ ఊరిలో నున్నారో మరియొకరు జ్ఞాపకము చేయుదురు. విద్యార్థి మాత్రము, తాను ఆ శాస్త్రమునే, ఆ నగరమునే ఏల కోరుచున్నాడో స్పష్టముగ చెప్పలేక మౌనము వహించును. కారణము చెప్పలేనివాడు అక్కడికి పోయి ఏమి సాధించునని పెద్దలు తీర్మానింతురు. ఆ తీర్మానము ఎంతవరకు న్యాయమో కొందరు శాస్త్రజ్ఞుల జీవితములను సాక్ష్యముగ నుంచుకొని విచారించుటయే ఈ ప్రసంగోద్దేశము.

ప్రభుత్వోద్యోగుల సభలో తొలుత ఒక ప్రభుత్వోద్యోగి కథ చెప్పుట సముచితము. 1907లో చంద్రశేఖర వేంకట రామన్ గారు ఆర్థికశాఖాధికారిగా కలకత్తా చేరిరి. ఆ నగరమును ఎన్నుకొన్నది ఆయన కాదు, ప్రభుత్వపు ఉత్తరువు. అయితే ఆ నగరములో మహేంద్రలాల్ సర్కారుగారు 1876లో స్థాపించిన విజ్ఞాన సంఘ మొకటి యుండెను. రామన్ గారు ఆఫీసు వేళకు ముందును, తరువాతను ఆ ప్రయోగశాలలో శ్రమించిరి. పదేండ్లు గడచిన పిదప, 1917లో, ఎక్కువ జీతము గల ఉద్యోగమును విడిచి, తక్కువ జీతముపై విశ్వవిద్యాలయములో ఆచార్య పదవిని స్వీకరించిరి. ఆయనను కలకత్తాకు తెచ్చినది ఉద్యోగము; అచ్చట నిలిపినది ప్రయోగశాల. ఈ రెండు కారణములును వేరు వేరు.

ఆ సంఘమునకే 1928లో సూరి భగవంతంగారు వెళ్ళిరి. రామన్ ఫలితము వెల్లడియైన సంవత్సరమది. ఆ తెలుగు యువకుని ఆకర్షించినది నగరము కాదు, గురువు. 1932లో ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అధ్యాపకులై, కలకత్తాలో నేర్చిన విద్యను వాల్తేరులో నాటిరి. అటుపిమ్మట భౌతికశాస్త్ర విద్యార్థి వాల్తేరునే కోరుటకు ఒక కారణ మేర్పడెను. నగరము విద్యార్థిని రప్పించుటయే కాదు, విద్యార్థియు ఒక్కొక్కప్పుడు ఒక నగరమునకు పేరు తెచ్చును.

అందరకును గురువు పేరు ముందుగ తెలియదు. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1940లో వాల్తేరులో గణితశాస్త్రమున ఎం.ఏ. పూర్తిచేసిరి. పరిశోధనావేతనము లభింపలేదు. సైనిక సర్వేశాఖలో ఉద్యోగమునకై కలకత్తా వెళ్ళిరి, అదియు లభింపలేదు. ఆ ప్రయాణములోనే, మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థను గూర్చి ఒక పరిచితుని వలన తెలిసికొని, 1941లో అందు విద్యార్థిగా చేరిరి. 1945లో వెలువడిన వ్యాసముతో క్రామర్-రావు సూత్రమునందు ఆయన పేరు శాశ్వతమయ్యెను. 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి ఆయనను వరించెను. ఉద్యోగము దొరకని ప్రయాణమే ఆయనకు శాస్త్రమును చూపినది.

దుఃఖము కారణమైన సందర్భమును గలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుని స్ప్రూ అను ఉష్ణదేశపు గ్రహణివ్యాధి బలిగొన్నది. ఉష్ణదేశవ్యాధుల వైద్యము నేర్వదలచి ఆయన బోస్టనులోని హార్వర్డు చేరిరి. మామగారు సమకూర్చిన ధనము ఆ ప్రయాణమునకు ఆధారమయ్యెను. అచ్చట జీవనమునకై ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపని చేయవలసివచ్చెను. డిప్లొమా ముగిసిన పిదప ఆయన వైద్యమును వదలి ఫిస్కేగారి జీవరసాయన ప్రయోగశాలకు మారి, 1930లో పిహెచ్.డి. పట్టము పొందిరి. బయలుదేరిన శాస్త్రము వేరు, పట్టము పొందిన శాస్త్రము వేరు. అయినను మొదటి కారణము వ్యర్థము కాలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్ళిన పిదప ఆయన నడిపిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. అది స్ప్రూ వ్యాధి చికిత్సకే ఉపకరించినది.

ఇక కుమార్తెల మాట. 1933లో బొంబాయిలో బి.ఎస్‌సి. ముగించిన కమలా భాగవత్ గారు, అనగా తరువాతి కమలా సోహోనీగారు, తన తండ్రియు, తండ్రి సోదరుడును చదివిన బెంగుళూరు విజ్ఞాన సంస్థనే కోరిరి. ఇంతకంటె సహజమైన కారణ మేముండును? కాని, స్త్రీ యను ఒక్క హేతువుచే ఆమెకు తొలుత ప్రవేశము నిరాకరింపబడెను. నాటి డైరెక్టరు రామన్ గారే. ఆమె పట్టు విడువక, ఏడాది పరీక్షాకాలము వంటి నిబంధనల కొడంబడి చేరి, తన పనిచేతనే ఆ అభిప్రాయమును మార్చిరి. 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. పొందిరి. కుమారునకు బోస్టను దూరము కాని ఇంటిలో కుమార్తెకు బెంగుళూరు దూరమగుచున్నచో, ఆ కొలబద్ద సరియైనది కాదు.

ఇంతకును వీరి జీవితములు తెలుపుచున్న దేమి? ఒక నగరమునకు చేర్చు కారణము చిన్నదైనను దోషము లేదు. బదిలీయో, బంధువుల ఇల్లో, దొరకని ఉద్యోగమో కావచ్చును. నిలుపు కారణము మాత్రము అక్కడ లభింపవలయును. కావున పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు వేరు. మార్గదర్శకుని వద్ద పనిచేసిన పూర్వవిద్యార్థులు ఏమైరి? కావలసిన పరికరములును గ్రంథములును అందుబాటులో నున్నవా? అభిరుచి మారినచో మార్గదర్శకుని గాని, విషయమును గాని మార్చుకొను వీలున్నదా? సుబ్బారావుగారికి ఆ తలుపు మూసియున్నచో జీవరసాయనశాస్త్రము ఎంత నష్టపోయెడిది!

ధనమును గూర్చి అడుగుటయు తప్పు కాదు. కేంద్రప్రభుత్వ శాస్త్రశాఖల జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ 2023 జనవరి 1 నుండి నెలకు 31,000 రూపాయలనుండి 37,000 రూపాయలకు పెంచబడినది. సంస్థలో వసతి లేనియెడల ఇంటి అద్దె భత్యము అదనము. అది నగరపు తరగతిని బట్టి మారునని ఈ సభలోనివారికి వేరుగ చెప్ప నక్కరలేదు! భృతి సకాలమున అందుచున్నదా యను సంగతి అచ్చట చదువుచున్నవారినే అడిగి తెలిసికొనుట మేలు. ఆకలితో నున్నవానికి సూక్ష్మదర్శిని యందును అన్నమే కనబడును.

ఇరువది యేండ్ల వయస్సున తన జీవితకారణమును నిండుగ చెప్పగలవారు అరుదు. చెప్పలేకపోవుట అయోగ్యత కాదు. పంపునప్పుడు "ఎందుకు పోవుచున్నావు?" అని ఒకసారి అడిగి, ఏడాది గడచిన పిదప "ఎందుకు ఉండదలచితివి?" అని మరల అడుగుట తల్లిదండ్రుల కర్తవ్యము. ఆ రెండవ ప్రశ్నకు వచ్చు సమాధానము సంతృప్తికరము కానిచో, చదువు మార్చుకొని వేరొక ఊరికి పోవుటకు ఆ బిడ్డకు అండగ నిలుచుటయు వారి కర్తవ్యమే.